కాగితపు బుట్ట ఆరేదాకా

పొద్దున వానకు గుమ్మంలో నానిపోయిన పేపరు ఎత్తగానే, ఆ తడి కాగితం వాసన గుప్పుమంది. యుద్ధపు రోజుల్లో, కొత్తపేటలో మా పెరటి గోళెంలో నానిన పాత కాగితాల వాసన, పనసతొనల తీపి, కొత్త ఆవకాయ ఘాటు, రోటి చప్పుడు, సముద్రం వైపు నుంచి కమ్ముకొచ్చే మబ్బు అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి.

బాబాయి భార్య, మా పిన్ని, రాజోలు నుంచి కాపరానికి వచ్చి ఏడాది కాలేదు. నానిన కాగితాలు దంచిన గుజ్జుతో ఆమె చేసిన మొదటి బుట్టను మామ్మ బియ్యం పోసి ఎత్తగానే అడుగు ఊడిపోయింది. "పుట్టింట్లో నేర్పింది ఇంతేనా?" అంది మామ్మ, చుట్టాలందరి ముందూ. రెండోదీ విరిగితే పిన్ని ఆ ఇంట్లో ఇక తలెత్తుకోలేదని చిన్నదాన్నైనా నాకు తెలుసు.

మెంతిపిండి కలిపితే గుజ్జు గట్టిగా పట్టుకుంటుంది కానీ, ఆ ఏడు మెంతులన్నీ ఆవకాయలోకే పోయాయి. పిన్ని పంతం పట్టి, గుజ్జు వెన్నలా జారేదాకా దంచి, బోర్లించిన బిందె మీద గుడ్డ పరిచి మెత్తింది. ఎండ వస్తే వాకిట్లోకి, చినుకు పడితే వసారాలోకి ఆ బిందెను మోయడం, అష్టాచెమ్మా గవ్వలు వదిలేసి నేను పరిగెత్తి వేలితో నొక్కి చూడడం.

"ముట్టుకోకే తల్లీ, ఆరనీ!" అనేది పిన్ని, మరుక్షణం తనే తాకి చూస్తూ.

ఆరాక మామ్మ నిండా బియ్యం పోసి కుదిపింది. గింజ రాలలేదు.

"ఏం కలిపేవే?"

"ఏమీ లేదండి అత్తయ్యగారూ, దంచేనంతే."

మామ్మ మెచ్చుకోలేదు, బుట్టను మాత్రం తన మంచం పక్కన పెట్టుకుంది. నీళ్ళలో నాని, దెబ్బలకు విచ్చుకున్న కాగితపు పీచులు ఆరేకొద్దీ దగ్గరకు జరిగి, ఏ జిగురూ లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ, దాన్ని హైడ్రోజన్ బంధం అంటారనీ కాలేజీలో చదివినప్పుడు నాకు పాఠం కంటే ముందు రోటి దగ్గర దంచుతూ ఎగిరెగిరిపడే పిన్ని భుజాలు గుర్తొచ్చాయి.

ఆ శ్రావణంలో వరద ఇంట్లోకొచ్చి బుట్ట మళ్ళీ గుజ్జైపోయింది. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మామ్మ చీర ఎగదోపి రోటి దగ్గరకు నడిచింది.

"ఏడుపెందుకే? రా, ఇద్దరం దంచుదాం."

ఆ రోలూ లేదు, వాళ్ళూ లేరు. పేపరు నా చేతిలో ముద్దవుతోంది. పారేయబుద్ధి కాక గిన్నెలో నానబెట్టాను గానీ, దంచుదాం రమ్మనేవాళ్ళు లేక వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను.