మేకుకు టోకెన్ ఉందా: కేజీఎఫ్‌లో లెక్కల సారు ఇంటికి ఒక ఆదివారం

కర్ణాటకలో, కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీల పక్కన నాకొక చిన్న అంగడి ఉంది. బకెట్లు, తాళాలు, చాపలు, దుప్పట్లు, ఛార్జర్లు... బయటి రాష్ట్రాల నుంచి పనికొచ్చిన పిల్లలకి గదిలో ఏం కావాలో అన్నీ అమ్ముతాను. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఖాళీ దొరికితే ఇలా నా తిరుగుళ్ళ గురించి టైపు చేస్తుంటాను. ఈసారి వెళ్ళింది గుడికీ కాదు, కొండకీ కాదు. ఒక లెక్కల సారు ఇంటికి. మా అమ్మాయి పావని బెంగళూరులో లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తోంది. రెండేళ్ళుగా ఒకే ఒక్క సమీకరణానికి జవాబు వెతుకుతోంది, దొరకలేదు. విసిగిపోయి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకుంది. చేరుతుందో లేదో సోమవారం చెప్పేయాలి. వాళ్ళ గైడ్ మేడం మాత్రం, "మానేసే ముందు కేజీఎఫ్‌లో మా గురువుగారిని ఒకసారి కలువు, తర్వాత నీ ఇష్టం" అందట. రెండేళ్ళు బోణీ కాని అంగడికి షట్టర్ దించడమే మేలని నా లోపలి మాట. అయినా పిల్ల మొహం చూడలేక, ఆదివారం అంగడి మా తమ్ముడికి అప్పగించి నేనూ బయలుదేరాను.

పొద్దున ఏడున్నరకి నరసాపురంలో కోలారు బస్సెక్కాం. మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు, కాబట్టి ఖర్చంతా నా ఒక్కడిదే. కంపెనీ బస్సులు ఎదురొస్తున్నాయి, రాత్రి షిఫ్టు పిల్లలు కిటికీలకి తల ఆనించి నిద్రపోతున్నారు. ఆ సారు జీవితమంతా పనిచేసింది నాన్‌లీనియర్ అనాలిసిస్‌లోనట. అదేమిటో తెలియకుండా ఆయన ముందు ఎలా కూర్చునేదని పావనినే అడిగాను.

"పది బకెట్లు అమ్మితే ఒక బకెట్టుకి పదింతలు దుడ్డొస్తాది కదా నాయినా, అది లీనియర్. అట్లా రాకపోతే నాన్‌లీనియర్."

"అట్లా రాకుండా ఎందుకు పోతాదే?"

"షిఫ్టు వదిలినాక మన అంగడి ముందర ఒక బస్సు ఆగితే బేరం ఎట్లుంటాది?"

"బాగుంటాది."

"రెండు బస్సులు ఒకేసారి ఆగితే?"

"ఇంగేముంది, సందు జామ్. లోపలికి ఒక్కడూ రాలేడు, ఉన్న బేరమూ పాయె."

"అంతే నాయినా. నువ్వు రోజూ చేసేది అదే."

ఇరవై ఏళ్ళుగా నేను ఇంత పెద్ద శాస్త్రంలో ఉన్నానని నాకెవరూ చెప్పలేదు.

కోలారు బస్టాండులో ఇడ్లీ, కాఫీ కానిచ్చి కేజీఎఫ్ బస్సు పట్టుకున్నాం. బంగారపేట మీదుగా గంట, గంటంబావు పడుతుంది. ఊరు దగ్గరపడేకొద్దీ మట్టి రంగులో గుట్టలు కనిపిస్తాయి. అవి గుట్టలు కావు, బంగారం తీసుకుని పారబోసిన రాతిపొడి దిబ్బలు. గాలి లేస్తే దుమ్ము ఊరంతా కమ్ముతుంది, కళ్ళజోడు పెట్టుకోండి. రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో దిగి, సారు ఉండే ఛాంపియన్ రీఫ్‌కి ఆటో అడిగాను.

"ఎంతప్పా?"

"మీరే చెప్పండన్నా."

"నేనూ యాపారస్తుణ్ణే. ముందు నువ్వే చెప్పు."

నవ్వి నూటిరవై అన్నాడు, వందకి కుదిరింది. చెంగల్రాయప్ప సారు ఇల్లు అనగానే వెనక్కి తిరిగి చూశాడు. "లెక్కల సారా! ఆయప్ప నాకు ట్యూషన్ చెప్పినాడన్నా. అయినా ఫెయిలైనాను. ఆయప్ప తప్పు కాదులే." తిరుగు ప్రయాణానికి దగ్గర్లోని చిన్న స్టేషన్ నుంచి బంగారపేటకి రైలు బాగుంటుందని వాడే చెప్పాడు. ఎన్నింటికని అడిగాను. రెండున్నరకన్నాడు.

గని కార్మికుల లైన్ ఇళ్ళు వరసగా అయిపోయాక, చివర్లో ఒక చిన్న ఇల్లు. వాకిట్లోంచే దూరంగా గని మీది ఇనుప చక్రం కనిపిస్తుంది, ఇప్పుడు తిరగదు. సారుకి ఎనభై దగ్గరుంటాయి. వాళ్ళ అమ్మానాన్నలు చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినవాళ్ళు. సారు ఇక్కడే బడికెళ్ళి, బెంగళూరులో చదివి, అక్కడే ముప్పై ఏళ్ళకి పైగా పాఠం చెప్పి, రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికే వచ్చేశారు. ఆయన పేపర్లన్నీ దాదాపు ఒకే ప్రశ్న మీద ఉంటాయని పావని దారిలో చెప్పింది. ఫలానా సమీకరణానికి అసలు జవాబు అంటూ ఉందా అని. ఆయన క్లాసులో బోర్డు మీద మొదట రాసేది "ఉందా?" అన్న ఒక్క మాటేనట. ఆయన శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు ఏ ఊళ్ళో పాఠం చెప్పినా ఇప్పటికీ ముందు అదే రాస్తారట.

"ముప్పై ఏళ్ళు ఊరందరినీ ఉందా ఉందా అని అడిగినాడు," అంటూ సారు భార్య సరోజమ్మ మజ్జిగ తెచ్చింది. "ఇంట్లో ఉప్పుందా అని ఒక్కనాడు అడగలే."

సారు నవ్వి, పావని చెప్పేది విన్నారు. ఇనుప కమ్మీ మీద బరువు పెంచుతూ పోతే అది ఏ వంపులో నిలబడుతుంది, అదీ తన లెక్క. తక్కువ బరువుకి జవాబు వస్తోంది. బరువు ఒక హద్దు దాటాక కంప్యూటరు ఎంతసేపు తిప్పినా అంకెలు అదుపు తప్పి పారిపోతున్నాయి. ప్రోగ్రాములో తప్పుందని రెండేళ్ళుగా దాన్నే దిద్దుతోంది.

"మేకు చూసినావా అమ్మా?" అన్నారు సారు.

"ఏం మేకు సార్?" అంది పావని.

"గనిలో ఒక బోర్డుంటాది. ఒక్కొక్క మనిషికి ఒక మేకు, దానికొక ఇత్తడి టోకెను. దిగేటప్పుడు టోకెను తీసుకుపోవాల, ఎక్కినాక మళ్ళీ తగిలించాల. సైరన్ మోగితే అందరూ గని నోటి కాడికి పరిగెత్తేవాళ్ళు. మా అమ్మ మాత్రం నేరుగా బోర్డు కాడికి పొయ్యేది. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉండాడు. యాడ ఉండాడో తెలీదు, ఉండాడని మాత్రం తెలుసు. అప్పుడు దిగి వెతకాల, వదలకూడదు."

"టోకెను ఉంటే సార్?"

"ఉంటే ఒక్కడు కూడా దిగకూడదు. వెతికేవాడిదీ ప్రాణమే కదమ్మా. ఒకసారి మా నాయన టోకెను మేకుకే ఉన్నింది, మనిషి ఇంటికి రాలే. మా అమ్మ ఏడవలే. చీపురు తీసుకుని సారాయంగడికి పోయింది."

సరోజమ్మ పగలబడి నవ్వింది. పావని నవ్వలేదు.

"కానీ సార్, కమ్మీ అంటూ ఉండాది కదా. బరువు పెడితే యాడో ఒకచోట నిలబడాల కదా?"

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అట్లే అనుకుంటారు సార్."

"మా నాయన లోపల దుంగలు నిలబెట్టే పని చేసినాడు. పైన రాయి బరువు పెరిగితే దుంగ కొంచెం వంగుతాది, ఇంకొంచెం వంగుతాది. ఇంగొక పొద్దు యాడా నిలబడదు. విరిగిపోతాది."

"అయితే నా రెండేళ్ళూ దండగేనా సార్?"

"నాకు తెలీదమ్మా. నీ లెక్క నేను చెయ్యలే. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉద్యోగం మంచిదే, పో. పొయ్యేముందు మేకు చూసి పో."

అంతకంటే ఒక్క మాట చెప్పలేదాయన. ఉండమని బతిమాలలేదు, పొగడలేదు. సరోజమ్మ పెట్టిన రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు తిని బయటపడ్డాం. పిల్ల దారి పొడుగునా ఫోన్‌లో ఆ ఉద్యోగం ఉత్తరమే చదువుకుంటూ వచ్చింది. ఉద్యోగమే ఖాయం అనుకున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం తేలికపడ్డాను కూడా.

రెండుంబావుకల్లా స్టేషన్లో కూర్చున్నాం. రెండున్నరయింది, మూడయింది. ప్లాట్‌ఫారం మీద మేము, రెండు మేకలు, వాటిని తోలుకొచ్చిన ఒక ఆమె. నేను లేచి పట్టాల వైపు తొంగి చూడటం, వచ్చి కూర్చోవడం. ఆమె చాలాసేపు చూసి చూసి అడిగింది.

"ఎవరి కోసమప్పా కాసుకుని ఉండావు?"

"రెండున్నర బండి కోసమమ్మా. లేటున్నట్టుంది."

"ఆదివారం ఆ బండి లేదు కదప్పా!"

పావని ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. పొద్దుట్నించి అదే మొదటి నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి పెన్ను తీసింది. సరోజమ్మ నిప్పట్లు, అంటే మన చెక్కలు, కట్టిచ్చిన కాగితం విప్పి, నిప్పట్లు నా చేతిలో పెట్టి, దాని మీద రాస్తూ కూర్చుంది. ఆటో పిలుద్దామంటే "ఉండు నాయినా" అంది. అరగంట తర్వాత తలెత్తింది.

"ప్రోగ్రాము సరిగ్గానే ఉండాది నాయినా. ఆ హద్దు దాటితే జవాబే లేదనుకుంటా."

"అయ్యో," అన్నాను.

"అయ్యో ఏంది? లేదని ఎవరూ చూపించలే. నేను చూపించాల. అందరూ ఇంకా లోపల వెతుకుతా ఉండారు."

బంగారపేటకి ఆటోలోనే వెళ్ళాం. అక్కడి పానీపూరీలో నీళ్ళు మంచినీళ్ళలా తేటగా ఉంటాయి, నోట్లో పెట్టుకున్నాకే కారం తెలుస్తుంది, తప్పకుండా తినండి. చీకటి పడేలోపు కోలారు మీదుగా ఇల్లు చేరాం. సోమవారం పొద్దున పావని ఆ కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పింది. అంగట్లో సరుకు లేదంటే గిరాకీ వెళ్ళిపోతాడు కాబట్టి, లేదు అనే మాటంటే నాకు ఎప్పుడూ నష్టమే. లేదని గట్టిగా చెప్పగలగడం కూడా ఒకరికి పని అని, ఆ మాట చెబితే ఎక్కడో ఎవరో వృథా వెతుకులాట మానుకుని ఇంటికి పోతారని, ఆ ఖాళీ ప్లాట్‌ఫారం మీద చేతిలో నిప్పట్లు పట్టుకుని కూర్చుంటే తెలిసింది. మా పిల్ల లెక్క తేలుతుందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు ఫోన్ చేస్తే మాత్రం గొంతులో పాత హుషారు వినిపిస్తోంది.

మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కేజీఎఫ్‌లో రైలు ఎన్నింటికని అడగకండి. ఈపొద్దు ఉందా అని ముందు అడగండి.