ఆ ఆట నేను వదిలేయలేదు

ఒక ఆడపిల్ల గెలుపును నేను కాజేశాను. ఆ బరువు ఇన్నేళ్లూ మోశాను. పైగా దాని పేరు చెప్పి మంచివాడిననిపించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నాకూ వస్తోంది.

నాది డోర్నకల్. చదరంగం అంటే పిచ్చి. పోటీల్లో ఆడేవాళ్లకు వాళ్ల బలాన్ని బట్టి రేటింగ్ అని ఒక అంకె ఇస్తారు. నాది పదిహేడు వందల పైచిలుకు. మా చుట్టుపక్కల అది పెద్ద అంకే. గోడకు అంటించిన కాగితంలో నా పేరు పక్కన దాన్ని చూసి, చాలామంది కూర్చోకముందే సగం ఓడిపోయేవాళ్లు. నేనూ తక్కువ తిన్నానా? కావాలని ఆలస్యంగా వచ్చి, కుర్చీని చప్పుడయ్యేలా లాగి కూర్చునేవాడిని. గెలిచింది నేనా, ఆ అంకెనా? ఆ ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో పోటీ. మొదటి రౌండులో నా ఎదురుగా అనిత కూర్చుంది. దేవరుప్పుల దగ్గరి తండా నుంచి వచ్చిన బడిపిల్ల. కాగితంలో ఆమె పేరు పక్కన సున్నా. వాళ్ల నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"నా రేటింగ్ సూసినవా? భయమైతలేదా?" అన్నాను, నా అలవాటు ప్రకారం.

"ఎందుకు భయం సార్? మీ గుర్రం ఎట్ల పోతదో నాది గూడ గట్లనే పోతది గదా."

అబ్బ! ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

ఎలా ఆడిందో చెప్పనా? ఎవరికైనా చెప్పుకోవాలని ఎన్నాళ్లనుంచి నాలుక దురద పెడుతోందో! నా మంత్రికి అందేలా తన ఏనుగును వదిలింది. పిల్ల చూసుకోలేదులే అనుకుని ఎగబడి కొట్టాను. వెంటనే గుర్రం దూకింది. రాజుకు చెక్. అదే దెబ్బలో నా మంత్రి కూడా దొరికిపోయింది. నేను తల పట్టుకున్నాను. నీళ్లు తాగాను, మళ్లీ చూశాను, గడియారంలో సమయం కరిగిపోతుంటే ఇంకోసారి చూశాను. దారి లేదు. నాకు తెలిసిన విద్యంతా వాడి, చెమటలు కక్కి మరీ ఓడిపోయాను. ఎంత ముచ్చటైన ఆట అది!

బయటికి రాగానే దోస్తులు చుట్టుముట్టారు. సున్నా పిల్ల చేతిలో ఓడిపోయావా అని ఒకటే ఎగతాళి. "చిన్నపిల్ల గదా, పోనీలే అని వదిలేసిన," అన్నాను. వెనక్కి తిరిగి చూద్దును గదా, తండ్రీ కూతుళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. ఆయన చేతిలో అప్పుడే కొన్న జిలేబీల పొట్లం.

"నిజమేనా సార్?" అంది అనిత.

అక్కడైనా ఆగొచ్చు కదా? నిజం చెబితే నా సొమ్మేం పోయేది? "అవ్ బిడ్డా. బాగనే ఆడినవ్, ఇంక జర నేర్సుకో," అంటూ తల నిమిరాను. తల కూడా నిమిరాను, చూడండి! వాళ్ల నాన్న నాకు దండం పెట్టి మొదటి జిలేబీ నాకే ఇచ్చాడు. సిగ్గులేకుండా తిన్నాను.

ఇప్పుడు అనిత భూపాలపల్లిలో టీచరు. బడి పిల్లలకు చదరంగం నేర్పుతుంది. ఈమధ్య నన్ను వెతికి పట్టుకుని, తన పిల్లల దగ్గరికి రమ్మంది. వెళ్లాను. వాళ్ల ముందు నిలబెట్టి నా పెద్దమనసును పొగడటం మొదలుపెట్టింది. పెద్ద రేటింగ్ వాళ్లను చూసి భయపడొద్దట, వాళ్లలోనూ నాలాంటి దయగలవాళ్లు ఉంటారట. పిల్లలకు ధైర్యం చెప్పడానికి చేతిలో తన సొంత గెలుపు ఉండగా, నా దొంగ దయను చూపించుకుంటోంది. ఇక నావల్ల కాలేదు.

"అబద్ధం బిడ్డా. నేను వదిలెయ్యలే. నువ్వే గెలిచినవ్."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే సార్?" అంది అనిత. జవాబు కోసం ఆగకుండా బోర్డును నా వైపు జరిపింది. ఆ ఆట చూపించమంది. ఒక్క ఎత్తు కూడా మరిచిపోలేదు నేను. గుర్రం దూకగానే పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు. "గిది నేనే ఆడిన్నా?" అంటూ అనిత రెండు చేతులతో నోరు మూసుకుంది.

క్షమించానని అనలేదు. అడగడానికి నాకూ మొహం చెల్లలేదు. ఫోన్ తీసి, తండాలో ఉన్న నాన్నకు కలిపి నా చేతిలో పెట్టింది. "మా నాయిన ఇప్పటిదాక మీ మంచితనమే చెప్తడు. ఆయనకు మీరే చెప్పున్రి."

చెప్పాను.

"ఏంది సార్? జర గట్టిగ చెప్పున్రి."

మళ్లీ చెప్పాను.

"ఇంకోపాలి సార్. మా తండోళ్లందరు ఈడనే ఉన్నరు, ఇంటరు."

మొదటిసారే విన్నాడు పెద్దమనిషి! నేను లేచి నిలబడి, గొంతు చించుకుని, "మీ బిడ్డ నన్ను ఓడగొట్టింది!" అని అరిచాను. అటు ఈలలు, ఇటు చప్పట్లు. ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను? నేను గెలిచిన ఏ ఆటకూ అంత సంబరపడి ఎరగను. ఫోన్ తిరిగి ఇవ్వబోతే అనిత తీసుకోలేదు.

"ఇంకోపాలి చెప్పున్రి సార్," అంది.