మా అత్త పెంక, టింబర్ మామ రంపం

ఆ రోజుల్లో మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నవాడికి రాని విద్య ఉండదని నా గట్టి నమ్మకం. ఎనభైల మొదట్లో మాట. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మా ఉస్తాద్ రేకుల షెడ్డులో మూడేళ్లుగా పని నేర్చుకుంటున్నాను. చెరుకు లాగే ట్రాక్టర్లు, బావుల మీది ఆయిల్ ఇంజన్లు మా దగ్గరికి దగ్గుతూ వచ్చి, చాలావరకు దగ్గు తగ్గి వెళ్లేవి. (కొన్ని తగ్గకుండానే వెళ్లేవి. వాటి ఓనర్లు ఎదురైతే నేను సందు మారేవాణ్ణి.) ఇరవై రెండేళ్ల వయసు, చెవి మీద పెన్సిలు, జేబులో టెస్టరు. ట్రాక్టర్ బోనెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, డాక్టరు నాడి చూసినట్టు "ఊఁ" అనేవాణ్ణి. ఆ "ఊఁ"కి అర్థమేమిటో నాకే తెలియదు.

మా బాపుకు మాత్రం నా వైద్యం మీద కాస్త కూడా గురి లేదు. ఆయనది రాయికోడ్ పక్కన వ్యవసాయం. నేను ఒక్కణ్ణే కొడుకుని. ఆయన ఎడ్ల పగ్గాలు పట్టాల్సిన చేతులతో నేను పానాలూ స్క్రూడ్రైవర్లూ పట్టుకు తిరగడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ ఏడు పంట కోతలయ్యాక వచ్చి, నేనుంటున్న మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని తేల్చి చెప్పాడు. "ఉగాది దాకా చూస్త. మీ ఉస్తాద్ నోటెంబడి నిన్ను మిస్త్రీ అన్న మాట ఇంటే, సరే, ఈన్నే ఉండు. లేకుంటే మూట సదురుకొని రా. ఎడ్లు నీ కోసం ఎదురు చూస్తున్నయి." ఎడ్లు నాకోసం ఎదురు చూడటం లేదని నాకూ, ఎడ్లకూ బాగా తెలుసు. చిన్నప్పుడు ఒకటి నన్ను కొమ్ముతో ఎత్తి గడ్డివాములో వేసింది. అయినా బాపుతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అదిగో, సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది టింబర్ మామ మిషన్. కట్టెల డిపో ఆయన్ని ఊరంతా టింబర్ మామ అనే పిలిచేది. ఆయన ఎవరి మామో ఎవరికీ తెలియదు. బొంబాయిలో ఎవరో వాడి పారేసిన పెట్రోలు రంపాన్ని లారీలో తెప్పించుకున్నాడు. తాడు లాగితే పళ్ల గొలుసు గిరగిరా తిరిగి, ఇద్దరు మనుషులు పూటంతా కోసే దుంగను బీడీ కాల్చేలోపు కోసిపెట్టే మిషన్. నాలుగు నెలలు బాగానే కోసింది. ఆ తర్వాత లోపల గులకరాళ్లు పోసినట్టు చప్పుడు మొదలైంది. ఉస్తాద్ దాని ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి, "క్రాంక్ బేరింగులు పోయినయి, సీళ్లు గూడ పోయినయి" అన్నాడు. సీలంటే మరేం లేదు, ఇరుసు చుట్టూ గట్టిగా పట్టుకుని ఉండే రబ్బరు కంకణం. ఇంజను తన దారిన తాను గాలి పీల్చుకోవాలి గాని, ఇరుసు సందుల్లోంచి దొంగ గాలి పీల్చకూడదు, పీలిస్తే పిచ్చెక్కినట్టు పరుగెడుతుంది. ఆ కాపలా పని సీలుది.

"ఏమిరా, నీతోని అయితదా?" అన్నాడు ఉస్తాద్. అప్పుడు నేను కళ్లు మూసుకుని "ఊఁ" అన్నాను.

"అయితే నువ్వే చెయ్. నేను వేలు గూడ పెట్ట. అంగడి రోజు డిపో ముంగట మిషన్ చాలు చేసి దుంగ కొయ్యి. ఖతర్నాక్‌గ కోసినవనుకో, నలుగురి ముంగట మిస్త్రీ అని నేనే పిలుస్త. మీ బాపును గూడ రమ్మను."

హైదరాబాద్ వెళ్లి, పాత సీళ్లనూ బేరింగులనూ రుమాలులో మూటగట్టి ఏడు దుకాణాలు తిరిగి, కొలతకు సరిపోయేవి తెచ్చాను. బేరింగులు బిగించడానికి ఒక పద్ధతి ఉంది. సుత్తితో కొడితే చెడిపోతాయి. ఇంజను గుల్లను వేడిచేస్తే అది కాస్త సాగుతుంది, బేరింగును మంచులో పెడితే కాస్త ముడుచుకుంటుంది. అప్పుడు బొటనవేలితో నొక్కితే చాలు, "టప్" మని కూర్చుంటుంది. మంచు సోడా దుకాణంలో దొరికింది. గుల్లను సమంగా వేడిచేయడానికి మాత్రం ఊరంతటిలో ఒకే ఒక్క సాధనం కనిపించింది, మా అత్త జొన్న రొట్టెల పెంక.

అత్త పొయ్యి ముందు అడ్డంగా కూర్చుంది. "రొట్టెల పెంక మీద మిషన్ బొక్కలు కాలుస్తవా? నీకు బుద్ధి ఉన్నదా?" అంది. బాపు సంగతి, ఎడ్ల సంగతి, గడ్డివాము సంగతి చెప్పుకుని దాదాపు ఏడ్చాను. అత్త మెత్తబడింది గాని ఒక షరతు పెట్టింది. కొంగు ముడి విప్పి, జాతరలో పూజారి ఇచ్చిన పసుపు దారం తీసింది. "నా పెంక నా ఇంటి పానం. అది నీకు ఇస్తున్న. నువ్వు ఈ దారం మిషన్ పానానికి కట్టు. ఏడు చుట్లు. మీదమీద కాదు, పానానికి."

గుల్ల పెంక మీద వేడెక్కింది, బేరింగులు టప్ టప్ మని కూర్చున్నాయి. నేను అత్త చెయ్యి పట్టుకుని ఎగిరాను. (ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో రొట్టెలు పెట్రోలు వాసన కొట్టాయి. అత్త కొడుకు వాటిని తిని, బీడీ ముట్టించాలంటే భయంగా ఉందన్నాడు.) ఇక దారం. మిషన్ ప్రాణం ఎక్కడ? బాగా ఆలోచించి, క్రాంక్ ఇరుసే దాని ప్రాణమని తేల్చాను. బేరింగు పక్కన ఇరుసుకు ఏడు చుట్లు చుట్టి, ముడివేసి, కళ్లకద్దుకుని, దాని మీదుగా కొత్త సీలు తొడిగాను. కాస్త బిగువుగా వెళ్లింది. సీలన్నాక బిగువుగా ఉండటమే మంచిదనుకున్నాను. అంతా బిగించాక ఒక సన్నని వైరు మిగిలింది. మిగిలిందంటే అవసరం లేనిదే అయ్యుంటుందని లోపలికి మడిచి పెట్టాను.

అంగడి రోజు డిపో ముందు తిరునాళ్లలా ఉంది. అల్లం బస్తాలు దించే హమాలీలు, బస్సు కోసం నిలబడ్డ చిరాగ్‌పల్లి వాళ్లు, నులక మంచం మీద టింబర్ మామ, ఆయన పక్కన ఉస్తాద్. ఎదురుగా భుజాన తువ్వాలతో మా బాపు. తాడు లాగాను. మూడో లాగుకు మిషన్ అందుకుంది. సన్నగా, తియ్యగా, కుట్టుమిషన్‌లా నడిచింది. దుంగ మీద పెడితే వెన్నలో దిగినట్టు దిగింది. జనం "వారెవ్వా" అన్నారు. ఉస్తాద్ మంచం మీంచి లేచి, మా బాపు వైపు తిరిగి, నోరు తెరిచి, "సూడుండ్రి పెద్దాయనా, ఇగ వీడు మిస్..." అన్నాడు.

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే మిషన్ ఒక్కసారిగా కేక పెట్టింది. నేను యాక్సిలేటర్ వదిలేశాను, అది ఇంకా గట్టిగా అరిచింది. మీట ఆర్పాను, ఆరలేదు. (ఆ మిగిలిన వైరు మీటదేనని అప్పుడు నాకు జ్ఞానోదయమైంది.) కింద పెడదామంటే గొలుసు గిరగిరా తిరుగుతోంది, పెడితే నా కాళ్ల మీదికే ఉరికేలా ఉంది. దాన్ని ఉత్సవ విగ్రహంలా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను. నేను ఎటు తిరిగితే అటున్న జనం పరుగు. టింబర్ మామ మంచం దిగేలోపు రంపం కొస తగిలి నులక సర్రున తెగింది. ఆయన మంచం చట్రంలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కుపోయాడు. "పారెయ్‌రా! పారెయ్!" అని ఉస్తాద్ అల్లం బస్తాల వెనక నుంచి అరుస్తున్నాడు. "యాడ పారెయ్యాలె?" అని నేను ఏడుస్తున్నాను.

అప్పుడు వినిపించింది, పొలంలో ఎన్నో పొద్దులు విన్న గొంతు. "హో... హో... నిమ్మళం, నిమ్మళం బిడ్డా." నన్నేమో అనుకుని ఆగాను. నన్ను కాదు, మిషన్‌ని. బెదిరిన ఎద్దు దగ్గరికి వెళ్లినట్టు బాపు ఒక పక్కగా, కొమ్ములకు అందకుండా, అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. భుజం మీది తువ్వాల తీసి, నాలుగు మడతలు పెట్టి, మిషన్ వెనక గాలి పీల్చుకునే జాలీ మీద అదిమి పట్టాడు. మిషన్ రెండు సార్లు ఎక్కిళ్లు పెట్టి, చచ్చి ఊరుకుంది.

బాపు తువ్వాల దులిపి, ఉస్తాద్‌తో నెమ్మదిగా అన్నాడు. "ముక్కు మూసినంక గూడ జర సేపు గుంజింది. ఇంకో దిక్కు నుంచి ఊపిరి తీస్తుంది ఇది. సూడుండ్రి."

ఉస్తాద్ అక్కడే, అందరి ముందే మిషన్ విప్పాడు. సీలు ఊడదీస్తే, దాని కింద నలిగి, నూనెలో నానిన పసుపు దారం, సరిగ్గా ఏడు చుట్లు. దారం సీలును ఎత్తి పట్టింది, ఆ సందులోంచి ఇంజను దొంగ గాలి కడుపునిండా పీల్చింది. ఉస్తాద్ ఆ దారాన్ని పటకారుతో పైకెత్తి నావంక చూశాడు. నేను సగం తెగిన దుంగ వంక చూశాను. కూరగాయల బుట్టతో అంగడికొచ్చిన మా అత్త మాత్రం జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఆ దారం నేనే ఇచ్చిన. అంత పెద్ద కత్తి అంత మంది నడుమ తిరిగింది. ఒక్కని వేలన్న తెగిందా? ఎందుకు తెగలే? చెప్పుండ్రి!" హమాలీలు తమ వేళ్లు లెక్కపెట్టుకున్నారు. మంచంలోంచి లాగబడుతున్న టింబర్ మామ కూడా తల ఊపాడు.

"పెద్దాయనా," అన్నాడు ఉస్తాద్ బాపుతో, "రేపటి సంది మీరు షెడ్డుకు రాండ్రి. వీన్ని ఎడ్లెంబడి తోలుండ్రి."

గడ్డివాము కళ్ల ముందు కనిపించింది. బాపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నేను తోల," అన్నాడు. "పుల్లంత మిషన్ చేతుల ఉండంగ ఆపలేకపోయిండు. నా ఎడ్లను వీని చేతుల పెట్టి నేను ఇంట్ల నిమ్మళంగ పండుకుంటనా? మీకు దండం పెడ్త ఉస్తాద్, వీన్ని మీరే ఉంచుకోండ్రి."

నా జీవితంలో నేను గెలిచిన పెద్ద గెలుపు అదే. దానికి కారణం నా చేతకానితనమేనని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. మర్నాడు వైరు కలిపి, మళ్లీ కొత్త సీలు తెచ్చి, ఈసారి ఉస్తాద్ కళ్లెదుట బిగించాను. మిషన్ మధ్యాహ్నం దాకా దుంగలు కోసింది, ఒక్క కేక పెట్టలేదు. ఉస్తాద్ మిస్త్రీ అనలేదు. మిషన్ మీద అరచెయ్యి ఆనించి "ఊఁ" అన్నాడంతే. ఆ "ఊఁ"కి అర్థం మాత్రం నాకు తెలిసింది.

ఇప్పుడు షెడ్డు నాదే. బాపు లేడు, అత్త లేదు. కొత్త ఇంజను ఏది బిగించినా దారం కడతాను, పిడికి మాత్రమే. ఎక్కడైనా ఇంజను కేక పెడితే, మీట కోసం వెతకాల్సిన నా చెయ్యి ఇప్పటికీ ముందు భుజం మీదికే వెళ్తుంది. అక్కడ తువ్వాల ఉండదు. నేను ప్యాంటూ షర్టూ వేసుకునే మిస్త్రీని కదా. అయినా పెదాలు వాటంతటవే "హో... హో... నిమ్మళం బిడ్డా" అంటాయి. ఆ మాట ఇంజనుతో అంటున్నానో, రంపం ఎత్తిపట్టి ఏడుస్తూ తిరుగుతున్న ఆ ఇరవై రెండేళ్ల వాడితో అంటున్నానో గాని, ఇద్దరూ కాస్త నెమ్మదిస్తారు.