పదమూడేళ్ల అత్తగారు

రాజ్యం పోగొట్టుకున్న రాజుల కథలు ఏ భాషలో చూసినా కొల్లలే. గద్దె దిగమంటే దిగనని మొండికేసిన రాణులే అరుదు. అలాంటి రాణి ఒకతె ఒక ఇంటి ముందుగదిలో, ఇస్త్రీ బల్ల వెనక ఉండేది. వయసు పదమూడు. వీధి పెట్టిన పేరు అత్తగారు.

వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసే తల్లి మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. తండ్రి బేకరీలో పొయ్యి దగ్గర పనివాడు, తెల్లవారకముందే వెళ్లిపోయేవాడు. వంటా, తమ్ముడి తల దువ్వడమూ, ఇస్త్రీ బల్లా అన్నీ ఆ పిల్ల నెత్తిన పడ్డాయి. మొదట్లో ఇస్త్రీ పెట్టెను రెండు చేతులా ఎత్తేది. చూస్తుండగానే పని పట్టుబడింది. తడివేలు ఆనిస్తే సుయ్‌మనాలి, ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖర్న వీపు. దాంతోపాటు నడుం మీద చెయ్యేసుకోవడం, గుండీలూడిన చొక్కాలు తెచ్చినవాళ్లను దెప్పడం కూడా వచ్చేశాయి.

అందరూ మెచ్చుకునేవాళ్లే. అక్కడే వచ్చింది చిక్కు. ఒకసారి ఎవరిదో చొక్కా మాడ్చి, తిట్లకు సిద్ధపడి నిలబడితే, ఆ చొక్కా ఆయన పాపం చిన్నపిల్ల అంటూ తల నిమిరి వెళ్లాడు. మంచం మీంచి తల్లి కూడా పోనీలే అంది. ఆ పూట పిల్లకు అన్నం సయించలేదు. తిట్టే దిక్కు లేదంటే ఇక ఇంటికి పెద్ద తనేనన్నమాట.

ఏడాదికి కాలు కుదిరి, తల్లి బల్ల దగ్గరికొచ్చి పెట్టె ఇమ్మంది. పిల్ల ఇవ్వలేదు.

"కాలరు నీకు తిన్నగా రాదమ్మా."

"నీకు నేర్పిందెవరే?"

"నేర్పావులే. ఈపాటికి మర్చిపోయుంటావు."

గుమ్మం పక్కన చెప్పులు కుట్టే తాత నవ్వాపుకోలేక నోట్లో పెట్టుకున్న మేకులు రాల్చుకున్నాడు. తల్లి పెట్టె లాక్కుని, ఆడుకుని రమ్మని కూతుర్ని వీధిలోకి తోసింది.

ఆడటమెలాగో ఆమెకు గుర్తుంటేగా! అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి, పిల్లల తగాదాలకు తీర్పులు చెప్పసాగింది. తమ్ముడికి ఒళ్లు మండింది.

"అక్కా, ఆడితే ఆడు. లేకపోతే లోపలికెళ్లి బట్టలు మడతపెట్టుకో."

అని ఊరుకోక బంతి ఆమె వీపుకేసి కొట్టాడు. అత్తగారు వాణ్ణి తరిమి తరిమి, కుళాయి దగ్గర బురదలో కాలేసి, వాడితో సహా బోర్లాపడింది. లేచి వాడి ముఖానికింత పూసింది. ఆపైన వీధిలో శుభ్రంగా మిగిలినవాడు లేడు.

ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగాయి. ఇస్త్రీ దుప్పట్ల దొంతర పక్కన బురద కారుతూ నిలబడ్డ కూతుర్ని తల్లి పైనుంచి కిందికి చూసింది.

"బుద్ధుందా నీకు? గాడిదలా ఎదిగావు, ఎందుకూ? ఆ దుప్పటి తాకావో, వీపు విమానం మోత మోగుతుంది."

తల్లి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పిల్ల తమ్ముణ్ణి మోచేత్తో పొడిచి, నవ్వు కనబడకుండా తల ఇంకా కిందికి వంచుకుంది.