ముట్టుకోని పుస్తకం

అక్క పోయిందని బావ ఫోను చేసినప్పుడు నేను తిరుత్తణి స్టేషన్‌లో, రోజూ మేమిద్దరం ఎక్కే రైలు కోసం నిలబడి ఉన్నాను. "మీ అక్క తెల్లారేసరికి పోయిందప్పా. గుండె ఆగిపోయినాది. నువ్వు సీక్రం రా," అన్నాడు. రైలు వచ్చి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

సొంత అక్క కాదు. తిరువళ్ళూరు దగ్గర మా వ్యవసాయ యంత్రాల కంపెనీలో, యంత్రంతో పాటు ఇచ్చే వాడకం పుస్తకాలు తయారుచేసే విభాగానికి పెద్ద. నాకు పని నేర్పిన మనిషి. పొదటూరుపేట నేతవాళ్ళ ఆడపడుచు. కోపం వస్తే తమిళంలో తిట్టేది, మరీ ఎక్కువైతే తెలుగులోకి దిగేది. నన్నెప్పుడూ తెలుగులోనే తిట్టింది.

మా పనిలో అన్ని పుస్తకాలకూ కావలసిన వాక్యాన్ని ఒక్కచోటే రాసి పెడతాం. సాఫ్ట్‌వేరు దాన్ని అన్నిటిలోకీ చేరుస్తుంది. చేరిన కొత్తలో నాకు పశువుల మేత కత్తిరించే చిన్న యంత్రం పుస్తకం అప్పగించారు. చేత్తో తిప్పేది. అందులో "మూత తెరిచే ముందు కరెంటు ఆపండి" అని ఉంది. దీనికి కరెంటే లేదు కదా అని, నా తెలివి కొద్దీ, ఆ వాక్యం చెరిపేశాను. అది నా పుస్తకంతో ఆగలేదు. కరెంటు యంత్రాల పుస్తకాలన్నిటిలోనూ మాయమైంది.

పట్టుకుంది అక్కే. ఎవరు ఏం మార్చినా, మార్చిన పుస్తకం వదిలేసి వేరేది తెరిచి చూడడం ఆమె అలవాటు. అప్పటికే పెద్ద మేత యంత్రం పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. ఫోను చేసి అచ్చు ఆపించింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆమె నన్ను కిందికి, యంత్రాలు పరీక్షించే చోటికి తీసుకుపోయి ఆ పెద్ద యంత్రం మూత ఎత్తించింది. లోపల కత్తులు.

"మేత చిక్కుకుంటే పక్కూరు పాండూరు రైతు యాడ చెయ్యి పెడతాడో చూసినావా?"

"తెలీక చేసినానక్కా."

"ముట్టుకున్న పుస్తకం నువ్వెట్లాగూ చూస్తావు తమ్ముడూ. ముట్టుకోని పుస్తకం చూడు. తప్పు ఆడుంటుంది."

పైకి వచ్చి, వాక్యం తిరిగి పెట్టి, నా ఒక్క పుస్తకంలో కనపడకుండా ఎలా చెయ్యాలో ఓపిగ్గా చూపించింది. మేనేజరు అడిగితే "మా వల్ల తప్పు జరిగింది, సరిచేసినాము" అంది, అంతే. ఆ "మా" అన్న మాట వల్లే నేనింకా ఈ కుర్చీలో ఉన్నాను.

ఆ రోజే సాఫ్ట్‌వేరులో ఆ వాక్యం వెనక, అచ్చులో కనపడని చోట, నాకోసం ఒక నోటు రాసి పెట్టింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, నాకప్పుడు చదవడం వచ్చింది తమిళం ఒక్కటే. అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసింది. ఆ తర్వాత "మాట్లాడే భాష చదవడానికేం రోగం నీకు" అంటూ, రైల్లో అరక్కోణం వచ్చేలోపు రోజుకో అక్షరం దిద్దించింది. ఇదంతా తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

పోయిన వారం యంత్రాలకు కొత్త రకం స్విచ్చు వచ్చి ఆ వాక్యం మార్చాల్సి వచ్చింది. తెరవగానే నోటు: "మార్చే ముందర నన్నొక మాట అడుగు తమ్ముడూ." చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. నంబరు నొక్కాక గుర్తొచ్చింది, అక్క లేదని. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి వాక్యం మార్చి, నేను ముట్టుకోని పుస్తకం ఒకటి తెరిచి చూశాను. సరిగ్గానే ఉంది. నోటు మాత్రం తియ్యలేదు. అది అచ్చులోకి రాదు. ఆ వాక్యం వెళ్ళే ప్రతి పుస్తకంలోకీ దాని వెనకే వెళుతుంది.