నల్లబడిన వెండికంచం

ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాదిలో ఉండగా, ఒకరోజు ల్యాబులో మా సారు నా చేతిలో ఒక నల్లటి రాయి పెట్టారు. చింతగింజ కన్నా కాస్త పెద్దదంతే, కానీ బరువుగా ఉంది. అదేమిటో చెప్పమన్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, తెలియలేదన్నాను. ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి ఇచ్చి, "కాట్ కే దేఖో" అన్నారు. రాయిని చాకుతో కొయ్యడమేమిటి అనుకుంటూనే నొక్కాను. అంచు సీసం ముక్కలా మెత్తగా తెగింది. తెగినచోట తళుక్కుమంది.

అది అకాంథైట్. వెండి, గంధకం కలిసి ఏర్పడే ఖనిజం. భూమి లోతుల్లో మరిగే నీళ్ళు రాతి పగుళ్ళ వెంట పైకి వస్తాయనీ, ఆ నీళ్ళు చల్లారేటప్పుడు వాటిలో కరిగి ఉన్న వెండి, గంధకం పగుళ్ళ గోడలకు ఇలా పేరుకుంటాయనీ సారు హిందీలో తాపీగా చెప్పారు. బాగా వేడిగా ఉన్నప్పుడు అది ఘనాకారపు స్ఫటికాలుగా పెరుగుతుంది. సుమారు నూట డెబ్బై డిగ్రీల కిందికి దిగాక లోపలి అమరిక మారిపోతుంది, పైరూపం మాత్రం పాతదే నిలిచిపోతుంది. నేను నోట్సు రాసుకుంటున్నాను. ఆఖరున ఆయన, "మీ ఇళ్ళలో వెండి సామాను మీద పట్టే నలుపు కూడా ఇదే. దీనికోసం గనిదాకా వెళ్ళక్కర్లేదు" అన్నారు.

నా కలం ఆగిపోయింది. మా ఇంట్లో ఒక నల్లటి కంచం ఉంది.

దాని సంగతి అమ్మ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. పార్వతీపురంలో ఉండే మా మామయ్య, అమ్మకి అన్నగారు, దర్జీ. చెల్లెలి పెళ్ళికి వెండికంచం పెట్టాడు. నాన్నది లోకో షెడ్‌లో ఉద్యోగం కాబట్టి పెళ్ళయ్యాక అమ్మ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చింది. అప్పట్లో వంటంతా సిగ్డీ అనే బొగ్గుల కుంపటి మీదే. రెండేళ్ళు తిరిగేసరికి వంటింటి అరలోని కంచం నల్లబడిపోయింది. ఆ రోజుల్లోనే మామయ్య చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడు. ఆయన భోజనానికి కూర్చోగానే మా నాయనమ్మ ఆ కంచం తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేటి బాబూ, వెండేనా? సీసం కలిపీసినట్టున్నారు" అంది.

మామయ్య కంచం వంక చూశాడు. తర్వాత అమ్మ వంక చూశాడు. అమ్మ తల దించుకుని అన్నం వడ్డించింది. ఆయన తిని లేచి, ఆ సాయంత్రం రైలుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాయనమ్మ పోయినప్పుడు కూడా ఫోనులోనే పలకరించాడు.

"మరి నువ్వేమీ అనలేదా?" అని నేను అమ్మని అడిగాను.

"నాక్కూడా అనుమానమే కదమ్మా. కళ్ళెదురుగా అలగ నల్లబడిపోతే ఏటంటాను?"

ల్యాబు నుంచి వచ్చిన సాయంత్రమే అమ్మని ట్రంకుపెట్టె తెరవమన్నాను. కంచాన్ని పాత ఉన్ని మఫ్లర్‌లో చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి దాచింది. రబ్బరు బిగిసినచోట్ల గీతల్లా ఇంకా చిక్కటి నలుపు. ఉన్నిలోనూ, రబ్బరులోనూ, అప్పటి బొగ్గుపొగలోనూ గంధకం ఉంటుందని చెప్పాను. అమ్మ నమ్మినట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

పెద్ద బేసిన్‌లో చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం పరిచి, మరుగుతున్న నీళ్ళు పోసి, ఉప్పు, తినే సోడా వేశాను. కంచాన్ని ఆ కాగితానికి ఆనేలా ముంచాను. బుడగలొచ్చాయి. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది, ఏటిది?"

"గంధకం పోతోందమ్మా. వెండి ఎక్కడికీ పోదు."

ముగ్గుపిండితో తోమితే నలుపుతోపాటు కాస్త వెండి కూడా అరిగిపోతుంది. ఇలా చేస్తే గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళ్తుంది, వెండి కంచం మీదే ఉండిపోతుంది. రెండుసార్లు నీళ్ళు మార్చేసరికి కంచం తెల్లబడింది. అంచు చుట్టూ సన్నటి తీగ చెక్కి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

కానీ అమ్మకి అబద్ధం చెప్పదలచుకోలేదు. రాగి కూడా నల్లబడుతుంది, ఇంతమాత్రాన ఇది మంచి వెండని తేలదు అన్నాను. మర్నాడు సదర్ బజార్‌లో ఒక కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గీటురాయి మీద గీసి, ద్రావకం చుక్క వేసి చూసి, "చాందీ హై, అమ్మా. అచ్ఛీ చాందీ" అన్నాడు. మంచి వెండే. అమ్మ థాంక్యూ కూడా చెప్పకుండా దుకాణం మెట్లు దిగిపోయింది. ఆటోలో బయటివైపు తిరిగి కూర్చుంది.

ఫోను చెయ్యడానికి ఆమెకి వారం పట్టింది. ఆదివారం భోజనాలయ్యాక స్పీకర్‌లో పెట్టమంది.

"అన్నయ్యా, ఆ కంచం వెండే. గీటురాయి మీద చూపించినాం."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నాకు తెలుసు కదా అమ్మా. నేనే కదా కొన్నాను. ఆ రోజు నువ్వొక్క మాట అంటావేమోనని చూసినాను."

"అనలేకపోయినాను."

వెంటనే మళ్ళీ అమ్మే, "అచ్ఛా, నేనొస్తే ఉంటావా?" అంది.

"ఎక్కడికెళ్తాను? మోకాళ్ళు పట్టీసినాయి."

పది రోజుల తర్వాత మేమిద్దరం రైలెక్కాం. దారి పొడుగునా అమ్మ ఏమేం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. పార్వతీపురంలో దిగేసరికి, రావద్దని చెప్పినా మామయ్య ప్లాట్‌ఫారం మీద కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ నోరు తెరిచే లోపే చేతిలోని సంచీ అందుకుని, "టీ తాగుతావా?" అన్నాడు. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. నా చదువేమిటని అడిగాడు. రాళ్ళ గురించి అన్నాను.

"మీ నాయనమ్మ బతికుండగా చదవలేకపోయినావేటి?" అన్నాడు.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

క్లాసులుండడంతో నేను మర్నాడే తిరిగొచ్చాను. అమ్మ పన్నెండు రోజులు ఉంది. వస్తూ మామయ్య కుట్టిన జాకెట్లు నాలుగు తెచ్చుకుంది. కొలత తియ్యకుండానే, పెళ్ళినాటి కొలత గుర్తుతో కుట్టాడట. అన్నీ బిగుతే. కుట్లు విప్పి కాస్త వదులు చేసుకోమంటే, వద్దులే అంది.