వాచీ విప్పి చేసిన ప్రార్థన

నేను బడికి పోలేదు. అమ్మే బైబిలు ముందు పెట్టుకుని, కీర్తనల మీద వేలు జరుపుతూ నాకు చదువు చెప్పింది. ఆ చేతికే మొన్నామధ్య తమ్ముడు వాచీ కట్టాడు.

శంషాబాద్‌లో తన రెండు గదుల ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నాది వెనక వీధి, తమ్ముడిది బడంగ్‌పేట్. అమ్మ స్నానాల గదిలో జారి పడ్డప్పుడు తమ్ముడు తనింటికి రమ్మన్నాడు. అమ్మ కదలనంది. చివరికి ఈ వాచీ దగ్గర రాజీ కుదిరింది. మనిషి పడి కదలకుండా ఉంటే అది మోగుతుంది. ఆ మోత ఆపకపోతే మా ఇద్దరికీ ఫోన్ వస్తుంది. ఇలాంటి వస్తువును మా కాలానికి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మరునాడు తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. అమ్మ మోకరించి, నుదురు చాపకు ఆనించి ఉంది. పడిపోయిందనుకుని వాచీ అరుస్తూనే ఉంది. ఆమేన్ అన్నాకే తలెత్తింది.

"జర దాన్ని ఆపొద్దా అమ్మా?"

"దేవునితోని మాట్లాడుకుంట నడుమల దీనికి జవాబు చెప్పాల్నా?"

కాసేపటికి తమ్ముడూ బండి మీద వచ్చాడు. "రోజు గిట్ల పరేషాన్ చేస్తే సామాను సర్ది తీస్కపోత, చూడు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అమ్మ నవ్వలేదు.

ఆ తర్వాత వాచీ మోగలేదు. మేము నిమ్మళించాం.

ఒక ఆదివారం చర్చికి తీసుకుపోదామని వెళ్తే, ఎంత పిలిచినా తలుపు తెరుచుకోలేదు. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. చాప మీద పక్కకు ఒరిగి ఉంది. మోకాలు పట్టేసి, లేవబోయి పడిందట. వాచీ కిటికీలో ఉంది. మమ్మల్ని ఉరికించొద్దని, రోజూ ప్రార్థనకు ముందు విప్పి అక్కడ పెడుతోంది.

"తమ్మునికి చెప్పకు బిడ్డా. ఇగ నన్ను ఈ ఇంట్ల ఉండనియ్యడు."

దవాఖానకు తీసుకుపోయాను. ఎముక విరగలేదు, దేవుని దయ. కానీ తమ్ముడికి చెప్పకుండా ఉండలేకపోయాను.

సాయంత్రం వచ్చాడు. అరవలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చాప మీద వేశాడు.

"ఇగ దీంట్ల కూసొని చెయ్యి ప్రార్థన. వాచీ తియ్యకు."

"ఆయన ముందట కుర్సీల కూసునుడేందిరా?"

"అయితే నా ఇంటికొచ్చి కూసో."

ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ మోత పోయాక అమ్మ చెయ్యి చాపింది. తమ్ముడు వాచీ కట్టాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నేనూ అమ్మ దగ్గరికి ప్రార్థనకు పోతున్నాను. అమ్మ కుర్చీలో కూర్చుంటుంది, వీపు మాత్రం ఆనించదు. "నువ్వన్న మోకరించు బిడ్డా, నా పేరు మీద," అంటుంది. మోకరిస్తాను. తన ఇంట్లో తనను ఉండనిచ్చినందుకు అమ్మ స్తోత్రం చెబుతుంది. నేనూ చెబుతాను. అమ్మ ముందుకు వంగినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటుంది. ఆమేన్ అనేదాకా నా చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది.